రొమాంటిక్ కాలపు పియానో, సింఫనీ కచేరీలు: ఏ ప్రోగ్రామ్‌కి టికెట్ కొనాలి?

ఆర్కెస్ట్రా సీజన్ షెడ్యూల్ తెరిస్తే ఒక వారం చైకోవ్‌స్కీ పియానో కాన్సర్టో (ఒక పియానిస్టు ముందుండి ఆర్కెస్ట్రాతో కలిసి వాయించేది), బ్రామ్స్ సింఫనీ (ఆర్కెస్ట్రా మొత్తానికి రాసిన పెద్ద రచన). పై వారం గ్రీగ్ కాన్సర్టో, డ్వోర్జాక్ సింఫనీ. నెలాఖరుకి రాఖ్మనినోవ్, బెర్లియోజ్. టికెట్ ధరలు అటూ ఇటూగా ఒకటే, కుదిరేదేమో ఒక్క సాయంత్రం. డాలస్‌లోనో లండన్‌లోనో ఉండే మనవాళ్లకీ, హైదరాబాద్ నుంచి ముంబై వెళ్లే పనిని కచేరీ తేదీకి కలుపుకుందామనుకునేవాళ్లకీ వచ్చే ప్రశ్నే ఇది. చాలామంది పియానిస్టు పేరు చూసో, ఆ కాన్సర్టో ఎక్కడో విన్నట్టుందనో కొనేస్తారు. నేనైతే ఇంటర్వెల్ తర్వాత ఏ సింఫనీ పెట్టారో ముందు చూడమంటాను. సాయంత్రం బాగుంటుందా లేదా అన్నది తొంభై శాతం అక్కడే తేలిపోతుంది.

ఎందుకంటే ఈ రొమాంటిక్ కాలపు (సుమారు 19వ శతాబ్దపు) సంగీత కచేరీలు ఎక్కడికి వెళ్లినా దాదాపు ఒకే వరసలో నడుస్తాయి. ముందు ఓ 10 నిమిషాల ఓవర్చర్ (ఆరంభంగా వాయించే చిన్న రచన), తర్వాత అరగంట పైచిలుకు కాన్సర్టో, 20 నిమిషాల విరామం, ఆ తర్వాత 40, 45 నిమిషాల సింఫనీ. కాన్సర్టో అప్పుడు స్టేజీ మధ్యలో ఒక మనిషి, ఒక పెద్ద పియానో, కీబోర్డు ఈ చివర నుంచి ఆ చివరికి పరిగెత్తే చేతులు ఉంటాయి కాబట్టి పాశ్చాత్య సంగీతం ఓనమాలు రానివాళ్లు కూడా చూపు తిప్పుకోకుండా కూర్చుంటారు, అది బాగా లేకపోవడం చాలా అరుదు. సింఫనీలో అలా పట్టుకోవడానికి ఎవరూ ఉండరు. ఎనభై తొంభై మంది వాద్యకారులు, నాలుగు మూవ్‌మెంట్లు (అంటే భాగాలు), పాట లేదు, మాట లేదు, అప్పటికి రాత్రి తొమ్మిదవుతుంది, ఆకలి వేస్తుంటుంది, ఇంట్లో పిల్లల్ని ఎవరి దగ్గరో వదిలొచ్చిన టెన్షన్ ఒకటి. అక్కడ మీకు నప్పని సింఫనీ పడిందా, మిగిలిన టైమంతా వాచీ చూసుకోవడమే.

మొదటిసారి వెళ్తున్నవాళ్లు కళ్లు మూసుకుని ఎంచుకోదగ్గది డ్వోర్జాక్ తొమ్మిదో సింఫనీ, ‘ఫ్రమ్ ద న్యూ వరల్డ్’ అంటారు. బొహీమియావాడైన డ్వోర్జాక్ 1892లో న్యూయార్క్‌లోని నేషనల్ కన్సర్వేటరీ అనే సంగీత కళాశాలకి డైరెక్టర్‌గా వెళ్లాడు, అక్కడే ఇది రాశాడు, 1893 డిసెంబర్ 16న కార్నెగీ హాల్లో తొలి కచేరీ జరిగింది. రెండో మూవ్‌మెంట్‌లో ఇంగ్లిష్ హార్న్ అనే వాద్యం (పేరులో హార్న్ ఉన్నా ఇది ఒబో అనే ఊదే వాద్యానికి అన్నయ్య లాంటిది, కాస్త బొంగురుగా పలుకుతుంది) ఒంటరిగా ఒక నెమ్మది రాగం ఎత్తుకుంటుంది. కర్ణాటక సంగీతం చెవినపడ్డవాళ్లకి ఆ మొదటి పలుకుల్లో మోహన స్వరాలే తగులుతాయి. దీన్ని ఎంచుకోమనడానికి అసలు కారణం వేరే ఉంది: ముందు మూవ్‌మెంట్లలో విన్న బాణీలు చివరి మూవ్‌మెంట్‌లో ఒక్కొక్కటిగా తిరిగొస్తాయి. కొత్త శ్రోతకి ‘ఇది ఇందాక విన్నానే’ అనిపిస్తే చాలు, అక్కడి నుంచి వినడం సులువైపోతుంది. ఇంకో తమాషా, తాళాలు (సింబల్స్) పట్టుకుని కూర్చున్న మనిషి ఈ ముప్పావుగంటలో ఒకే ఒక్కసారి వాటిని తాకిస్తాడు, అదీ చివరి మూవ్‌మెంట్‌లో, అంత మెల్లగా. మీ పక్కన పిల్లలుంటే అదెప్పుడొస్తుందో కనిపెట్టమనండి.

చైకోవ్‌స్కీ సింఫనీల్లో అయిదోదా, ఆరోదా అన్నది కాస్త ఆలోచించాల్సిన విషయం. అయిదోది 1888 నాటిది. మొదట్లో క్లారినెట్లు దిగులుగా పలికిన బాణీయే నాలుగు మూవ్‌మెంట్లలోనూ వెంటాడి ఆఖర్న బాకాల మోతతో విజయగీతంలా మారుతుంది. రెండో మూవ్‌మెంట్‌లో హార్న్ (గుండ్రంగా చుట్టిన బాకా) వాద్యకారుడి సోలో ఒకటి ఉంది, అది తడబడకుండా వస్తే హాలంతా ఊపిరి పీల్చుకుంటుంది. మనసు తేలిక చేసుకుని ఇంటికెళ్లాలంటే ఇదే. ఆరోది, ‘పతెతీక్’, అలా కాదు. 1893 అక్టోబర్ 28న పీటర్స్‌బర్గ్‌లో చైకోవ్‌స్కీ తనే నడిపించాడు, తొమ్మిది రోజులకి చనిపోయాడు. మూడో మూవ్‌మెంట్ ఎంత హోరుగా ముగుస్తుందంటే కచేరీ అయిపోయిందనుకుని జనం చప్పట్లు కొట్టేస్తారు, తర్వాత వచ్చే నాలుగోది మెల్లగా కుంగుతూ చెల్లోలు, డబుల్ బేస్‌లనే పెద్ద తీగవాద్యాల గొంతులో ఆరిపోతుంది. పెళ్లిరోజు అని భార్యనో భర్తనో తీసుకెళ్లే కచేరీ కాదిది. కానీ ఒంటరిగా వెళ్లేవాళ్లకి, హాల్లో కూర్చుని వింటే తప్ప అర్థం కాని సంగీతం కావాలనుకునేవాళ్లకి ఇంతకంటే గొప్పది నాకు తెలీదు. మొదటి మూవ్‌మెంట్‌లో ఒకచోట ‘మెల్లగా’ అనే గుర్తు ‘పి’ని వరసగా ఆరుసార్లు వేశాడాయన, ఆ మరుక్షణమే ఆర్కెస్ట్రా మొత్తం ఒక్కసారిగా విరుచుకుపడుతుంది. కార్లో వింటే మెల్లని చోటు ఇంజిన్ చప్పుడులో కలిసిపోతుంది, వాల్యూమ్ పెంచారా, తర్వాతి దెబ్బకి స్టీరింగ్ వదిలేస్తారు.

బ్రామ్స్ సంగతికొస్తే నా అభిప్రాయం కొందరికి నచ్చకపోవచ్చు. మొదటి కచేరీకి బ్రామ్స్ సింఫనీ వద్దు. తక్కువ సంగీతమని కాదు, అది మీరు ముందే కొంత విని రావాలని కోరుకునే సంగీతం. బీథోవెన్ తర్వాత సింఫనీ రాయడానికి జంకి జంకి, ఇరవై ఏళ్లకు పైగా నానబెట్టి, 43 ఏళ్ల వయసులో 1876లో మొదటి సింఫనీ బయటపెట్టిన మనిషి ఆయన. ఆ తటపటాయింపు అంతా సంగీతంలో బరువుగా కూర్చుంది. 1885 నాటి నాలుగో సింఫనీలో ఆఖరి మూవ్‌మెంట్ మొత్తం ఎనిమిది స్వరాల వరస మీదే నిలబడుతుంది, దాన్నే ముప్పై రకాలుగా తిప్పుతాడు. ఆ వరస మీ చెవికి పట్టుబడితే ఒళ్లు గగుర్పొడుస్తుంది. పట్టుబడకపోతే పది నిమిషాల గందరగోళంలా ఉంటుంది, అంతే. ఈ రెండు సింఫనీల్లోనూ ట్రాంబోన్ (జారే గొట్టం ఉన్న బాకా) వాయించేవాళ్లని గమనించండి, మొదటి మూడు మూవ్‌మెంట్లూ చేతులు కట్టుకుని కూర్చుంటారు, నాలుగోదానికే వాళ్లకి పని. బ్రామ్స్‌కి వెళ్లదలుచుకుంటే ఆ వారంలో చివరి మూవ్‌మెంట్‌ని రెండు మూడుసార్లు ఇంట్లో వినండి, మిగతాది విన్నా వినకపోయినా ఫర్వాలేదు.

కథ లేకపోతే సంగీతం బోరు కొడుతుందనేవాళ్లకి బెర్లియోజ్ ‘సింఫనీ ఫాంటాస్టిక్’. 1830లో రాసినప్పుడు ఆయన వయసు 26. హారియట్ స్మిత్సన్ అనే నటిని స్టేజీ మీద చూసి పిచ్చెత్తిపోయి రాసిన సింఫనీ ఇది (మూడేళ్లకి ఆమెనే పెళ్లి కూడా చేసుకున్నాడు, కాపురం సాగలేదు). ప్రేమలో ఓడిన కళాకారుడు నల్లమందు మింగి కలలు కంటాడు: విందు నాట్యం, పల్లె పొలాలు, గిలెటిన్ (తల నరికే యంత్రం) దగ్గరికి నడక, చివరికి మంత్రగత్తెల జాతర. ప్రేయసికి ఒక బాణీ కేటాయించి అయిదు మూవ్‌మెంట్లలోనూ దాన్నే వేషాలు మార్చి తిప్పుతాడు. నాట్యానికి హార్ప్‌లు, మూడోదాంట్లో తెర వెనక నుంచి పలికే ఒబో, దూరపు ఉరుముల కోసం ఒకేసారి నలుగురు టింపనీలు (పెద్ద డోళ్లు) వాయించడం, ఆఖర్న చర్చి గంటలు, వయోలిన్ తీగల మీద కమాను వెంట్రుకలకి బదులు కమాను కర్రతో టకటకలాడించడం... ఇదంతా కళ్లతో చూడాల్సిన వ్యవహారం. ఫోన్‌లో వింటే సగం పోతుంది. బ్రామ్స్, బెర్లియోజ్ పక్కపక్క వారాల్లో ఉంటే ఫోన్‌లో బ్రామ్స్ విని హాల్లో బెర్లియోజ్ చూడండి.

మెండెల్సన్ నాలుగో సింఫనీ, ‘ఇటాలియన్’, అరగంటలోపే అయిపోతుంది, హుషారుగా ఉంటుంది, పిల్లలతో వెళ్లేవాళ్లకి మంచిది. షూమన్ సింఫనీలు కూడా పొట్టివే. మాహ్లర్, బ్రూక్నర్ మాత్రం ఇప్పుడే వద్దు. మాహ్లర్ మూడోది ఒక్కటే గంటన్నర దాటుతుంది, చాలాచోట్ల ఇంటర్వెల్ కూడా ఇవ్వరు.

ఇప్పుడు కాన్సర్టోలు. రెండు సింఫనీలు మీకు సమానంగా తోచినప్పుడు వీటిని బట్టి తేల్చుకోండి. ఎక్కువగా పోటీ పడేవి చైకోవ్‌స్కీ మొదటిది, రాఖ్మనినోవ్ రెండోది. చైకోవ్‌స్కీది హార్న్‌లు నాలుగు స్వరాలు పిలవగానే పియానో పెద్ద పెద్ద కార్డ్‌లతో (ఒకేసారి మోగే స్వరాల గుత్తులతో) దిగిపోతుంది, ఆ ఆరంభం ప్రపంచంలో అందరికీ తెలుసు. 1874 క్రిస్మస్ ముందురోజు మాస్కోలో నికొలాయ్ రూబిన్‌స్టైన్ అనే పియానిస్టుకి వినిపిస్తే ఎందుకూ పనికిరాదని చీల్చి చెండాడాడు, చైకోవ్‌స్కీకి ఒళ్లుమండి దాన్ని హాన్స్ ఫాన్ బ్యూలో అనే మరో పియానిస్టుకి ఇస్తే ఆయన 1875 అక్టోబర్‌లో అమెరికా వెళ్లి బోస్టన్‌లో వాయించాడు. రూబిన్‌స్టైన్ తర్వాత మనసు మార్చుకున్నాడు లెండి. కానీ ఒక్క సంగతి ముందే తెలుసుకుని వెళ్లండి: ఆ ప్రసిద్ధ ఆరంభం మూడు నాలుగు నిమిషాల్లో ముగిసిపోతుంది, మళ్లీ రాదు. దాని కోసమే టికెట్ కొన్నవాళ్లు ‘ఎప్పుడొస్తుందా’ అని మిగతా అరగంట ఎదురుచూసి నీరసపడతారు. పియానిస్టు దమ్ము చూడాలనుకునేవాళ్లకి మాత్రం పైసా వసూల్, చివర్లో రెండు చేతులూ ఆక్టేవ్‌ల మీద (ఒకే స్వరం కింది స్థాయి, పై స్థాయి కలిపి) పరిగెత్తే చోటు ఒక్కటి చాలు.

రాఖ్మనినోవ్ రెండోది అందుకు పూర్తిగా వేరు. పియానో ఒక్కటే, దూరం నుంచి గంటలు దగ్గరవుతున్నట్టు, కార్డ్‌లతో మొదలవుతుంది, ఆ వెంటనే బాణీని వయోలిన్లకి అప్పజెప్పి తను వెనక తరంగాల్లా వాయిస్తూ ఉండిపోతుంది. చాలాసేపు పియానోయే ఆర్కెస్ట్రాకి పక్కవాద్యం. 1897లో మొదటి సింఫనీ ఘోరంగా దెబ్బతిన్నాక ఆయన దాదాపు మూడేళ్లు పెద్ద రచన ఏదీ చెయ్యలేక కుంగిపోయాడు, నికొలాయ్ దాల్ అనే డాక్టర్ దగ్గర చికిత్స తీసుకుని లేచాక రాసింది ఇది, ఆ డాక్టర్‌కే అంకితమిచ్చాడు. మొత్తం కాన్సర్టోని ఆయనే వాయించిన తొలి కచేరీ 1901లో మాస్కోలో జరిగింది. బాణీ కోసం వెళ్లేవాళ్లు, సినిమా పాటల్లో వయోలిన్ల వరద ఇష్టపడేవాళ్లు మారుమాట లేకుండా దీనికే వెళ్లాలి. చిక్కంతా హాలుది. ఎకూస్టిక్స్ అంతంతమాత్రమైన చోట ఆర్కెస్ట్రా పియానోని మింగేస్తుంది, చేతులు కదలడం కనిపిస్తుంది గానీ ఏమీ వినిపించదు. అలాంటి హాలని పేరుపడితే చైకోవ్‌స్కీ వైపు మొగ్గండి, ఆయన పియానోని గట్టిగానే అరిపిస్తాడు.

గ్రీగ్, షూమన్ కాన్సర్టోలు రెండూ ఒకే శ్రుతిలో, ఎ మైనర్‌లో, ఉంటాయి, రెండిట్లోనూ పియానో మొదటే పైనుంచి కిందికి దూకుతుంది. గ్రీగ్ చదువుకునే రోజుల్లో లైప్‌జిగ్‌లో క్లారా షూమన్ తన భర్త కాన్సర్టోని వాయిస్తుంటే విన్నాడు, పదేళ్ల తర్వాత 1868లో తనది రాశాడు. కొత్తవాళ్లకి గ్రీగ్. షూమన్‌ది పియానోకీ క్లారినెట్, ఒబోలకీ మధ్య చిన్నగొంతుతో నడిచే సంభాషణ, చిన్న హాల్లో వినాలి.

షోపాన్ ఇ మైనర్ కాన్సర్టో ఇరవయ్యేళ్ల కుర్రాడు రాసింది, 1830 అక్టోబర్‌లో వార్సాలో దీన్ని వాయించి, మరుసటి నెలలో ఊరు విడిచి మళ్లీ పోలండ్‌లో అడుగుపెట్టలేదు. పియానో దిగడానికి ముందు ఆర్కెస్ట్రా నాలుగు నిమిషాల పాటు వాయిస్తుంది, కంగారుపడకండి. ఆ తర్వాత ఆర్కెస్ట్రాకి పెద్ద పనేమీ ఉండదు, కాబట్టి పియానో అంటే ప్రాణమిచ్చేవాళ్లకి ఇదీ, ఆర్కెస్ట్రా హోరు కోసం వెళ్లేవాళ్లకి మరొకటీ. ఫ్రాంజ్ లిస్ట్ మొదటి కాన్సర్టో మొత్తం 20 నిమిషాల్లోపే, గుర్రప్పందెంలా సాగిపోతుంది. అందులో ట్రయాంగిల్ టింగుటింగుమంటుంటే వియన్నా విమర్శకుడు హాన్స్‌లిక్ దాన్ని ‘ట్రయాంగిల్ కాన్సర్టో’ అని వెక్కిరించాడు.

బ్రామ్స్ కాన్సర్టోలు రెండూ మాత్రం లెక్కలో వేరే. ఒక్కోటీ 45, 50 నిమిషాలు, కాన్సర్టో వేషంలో ఉన్న సింఫనీలు. 1859లో మొదటిదాన్ని లైప్‌జిగ్‌లో ఆయనే వాయిస్తే జనం బుస్సుమన్నారు. వీటిని కొన్నిసార్లు ఇంటర్వెల్ తర్వాత పెడతారు, అప్పుడు దాన్నే సింఫనీ అనుకుని తూకం వేసుకోండి. ముందు బ్రామ్స్ కాన్సర్టో, తర్వాత బ్రామ్స్ సింఫనీ ఉన్న ప్రోగ్రామ్‌కి అలవాటు లేనివాళ్లని లాక్కెళ్లకండి, స్నేహం చెడుతుంది.

పైన చెప్పిన మూడు ప్రోగ్రాముల్లో నన్నడిగితే మొదటిసారి వెళ్లేవాళ్లకి గ్రీగ్, డ్వోర్జాక్. ఒకటి రెండు కచేరీలు చూసినవాళ్లకి రాఖ్మనినోవ్, బెర్లియోజ్. చైకోవ్‌స్కీ, బ్రామ్స్ ప్రోగ్రామ్ పోస్టర్ మీద అన్నిటికంటే బరువుగా కనిపిస్తుంది, అందరికంటే ముందు టికెట్లు అయిపోయేదీ అదే కావచ్చు, కానీ ఇంటర్వెల్‌లో వెళ్లిపోయేవాళ్లు ఎక్కువగా కనపడేదీ అలాంటి రోజుల్లోనే.

సీటు ఎక్కడ తీసుకోవాలి? పియానిస్టు చేతులు కనపడాలంటే స్టేజీకి ఎదురుగా కూర్చున్నప్పుడు మీ ఎడమవైపు. ఈ మాట అందరూ చెప్తారు, ఆ సీట్లు ముందు అమ్ముడవుతాయి. కానీ ఇంటర్వెల్‌లో పియానోని తోసేస్తారు, మిగిలిన ముప్పావుగంట మీరు సింఫనీ వినేది అదే సీట్లోంచి. మొదటి అయిదారు వరసల్లో అయితే మీకు కనిపించేవి వయోలిన్లవాళ్ల బూట్లు, వెనక కూర్చున్న ఒబోలు, హార్న్‌లు అస్సలు కనపడవు. అందుకే మధ్యలో బాల్కనీ ముందువరస నాకు ఎప్పుడూ ఇష్టం, శబ్దమంతా కలిసి పైకొస్తుంది, బెర్లియోజ్‌లో ఎవరేం చేస్తున్నారో మొత్తం కనిపిస్తుంది. కొన్ని హాళ్లలో ఆర్కెస్ట్రా వెనక సీట్లు చవగ్గా ఇస్తారు, కండక్టర్ మొహం చూడొచ్చు, సింఫనీకి భలే ఉంటాయి. పియానో కాన్సర్టోకి మాత్రం కాదు, పియానో మూత శబ్దాన్ని అవతలి వైపుకి కొడుతుంది, మీకు మిగిలేది మొద్దుబారిన చప్పుడు. 1963లో కట్టిన బెర్లిన్ ఫిల్హార్మొనీలో ప్రేక్షకులు స్టేజీ చుట్టూ కూర్చుంటారు కాబట్టి అక్కడ ఇది మరీ ముఖ్యం.

డబ్బు తక్కువలో కావాలంటే నిలబడే టికెట్లు. లండన్‌లో వేసవిలో రాయల్ ఆల్బర్ట్ హాల్‌లో జరిగే ప్రామ్స్ అనే కచేరీల ఉత్సవానికి ఈ మధ్య సీజన్లలో పది పౌండ్ల లోపే ఇచ్చారు, వియన్నా మ్యూజిక్‌ఫెరైన్‌లో కూడా హాలు వెనక నిలబడి వినొచ్చు. వియన్నా టూర్‌కి వెళ్లేవాళ్లకి ఒక హెచ్చరిక: వీధుల్లో మోజార్ట్ విగ్గులు పెట్టుకుని టికెట్లు అమ్మేవాళ్లు కనిపిస్తారు, అవి టూరిస్టుల కోసం పెట్టే చిన్న బృందాల షోలు, కాస్త మోజార్ట్, కాస్త స్ట్రాస్ వాల్ట్జ్. సరదాకి వెళ్లండి తప్పులేదు, దాన్ని సింఫనీ కచేరీ అనుకోకండి. కొవ్వొత్తుల వెలుగులో ‘షోపాన్, రాఖ్మనినోవ్ హిట్స్’ అని ఇన్‌స్టాగ్రామ్‌లో కనిపించే షోలు కూడా అంతే, సాధారణంగా ఒక పియానోనో నలుగురు తీగవాద్యాలవాళ్లో ఉంటారు, గంటలో అయిపోతుంది, ఆర్కెస్ట్రా ఉండదు.

అమెరికాలో ఉన్నవాళ్లకి ఊళ్లు తిరిగే పెద్ద ఆర్కెస్ట్రా టికెట్టా, సొంత ఊరి ఆర్కెస్ట్రా టికెట్టా అంటే సొంత ఊరిదే. ఆ డబ్బుతో రెండుసార్లు వెళ్లొచ్చు, తేడా మీకు వినపడాలంటే ఎలాగూ కొన్నేళ్లు వినాలి. కొన్ని ఆర్కెస్ట్రాలు పగటిపూట ఓపెన్ రిహార్సల్‌కి తక్కువ ధరకి రానిస్తాయి, కండక్టర్ మధ్యమధ్యలో ఆపి సరిదిద్దడం చూడటం అదో పాఠం. తెలుగు రాష్ట్రాల్లో ఉన్నవాళ్లకి దగ్గరి దారి ముంబై నారిమన్ పాయింట్‌లోని ఎన్‌సీపీఏ (నేషనల్ సెంటర్ ఫర్ ద పెర్ఫార్మింగ్ ఆర్ట్స్), 2006లో అక్కడ పెట్టిన సింఫనీ ఆర్కెస్ట్రా ఆఫ్ ఇండియా ఏటా సీజన్లు నడుపుతోంది, మామూలుగా ఫిబ్రవరి, సెప్టెంబర్ ప్రాంతాల్లో. ముందు కచేరీ టికెట్, ఆ తర్వాతే రైలో విమానమో బుక్ చేసుకోండి.

డ్రెస్ గురించి కంగారొద్దు, ఆఫీసుకి వేసుకెళ్లేవి చాలు. ఆలస్యంగా వెళ్తే మాత్రం తలుపు తియ్యరు, ఓవర్చర్ అయ్యేదాకా బయట నిలబడాల్సిందే. చిన్నపిల్లలకి వయసు నిబంధన ఒక్కో హాల్లో ఒక్కోలా ఉంటుంది, కొనేముందు చూసుకోండి. చప్పట్లు మూవ్‌మెంట్ల మధ్య కొట్టరు. 19వ శతాబ్దంలో కొట్టేవాళ్లు, బాగుంటే మధ్యలోనే మళ్లీ వాయించమని అడిగేవాళ్లు కూడా, ఈ నిశ్శబ్దం తర్వాత వచ్చిన ఆచారం. చైకోవ్‌స్కీ అయిదోదాని చివర్లో ఆర్కెస్ట్రా ఒక్కసారిగా ఆగుతుంది, అది ముగింపు కాదు, ఇంకా రెండు మూడు నిమిషాలుంది. అనుమానమొస్తే కండక్టర్ చేతులు చూడండి, అవి కిందికి దిగి ఆయన మీవైపు తిరిగాక కొట్టండి.